కాఫీ రోలు మీద నీలం కారు

ఎతెతె సిందు పొద్దున్నే ముఖం కడుక్కోగానే చేసే మొదటి పని, చిన్న పీట ఒకటి పట్టుకుని వాకిట్లో ఉన్న నీలం లాడా కారు దగ్గరికి వెళ్లడం. ముందరి ఎడమ చక్రం పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. కుడిచెయ్యి చక్రం వెనక్కి పోనిచ్చి, లోపల ఉన్న బాల్ జాయింటు మీద చూపుడు వేలూ మధ్య వేలూ ఆనించి "ఊఁ" అంటుంది. ఆమె భర్త గాషే జెలెకె చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. అతను ఊపినంతసేపూ ఆమె కళ్లు మూసుకునే ఉంటుంది. ఆవరణలో అందరికీ ఆమె ఎతెతె, అంటే అక్క; ఆయన గాషే, అంటే పెద్దన్న.

"ఏమంటోంది?" అని అడుగుతాడు ఆయన.

"నీకంటే గట్టిగా ఉన్నానంటోంది."

ఆయన నవ్వుతాడు. ఎన్నేళ్ల నుంచో ఇదే ప్రశ్న, ఇదే జవాబు, ఇదే నవ్వు. తరువాత ఇద్దరూ కుడి చక్రం దగ్గరికి వెళ్తారు. అదయ్యాకే కాఫీ గింజలు పెనం మీదికి వెళతాయి. ఆ వాసన మా గదుల్లోకి వచ్చేసరికి ఆవరణలో అద్దెకున్న వాళ్లందరం లేస్తాం. సిదిస్త్ కిలో విశ్వవిద్యాలయంలో నాకు తొలి తరగతి ఎప్పుడో ఆ వాసనే గుర్తు చేస్తుంది.

ఆ కారు ముందుచక్రాలు నేలకు తగలవు. చక్రాన్ని మోసే ఇనుప చెయ్యి కింద, ఒక్కోవైపు ఒక్కో రోలు బోర్లించి ఉంటుంది. కాఫీ దంచే చెక్క రోళ్లు అవి. ఎడమవైపుది పాతది, నూనె తాగి నల్లబడింది. ఆ రోలులో కాఫీ దంచి నలభై ఏళ్లయింది.

బాల్ జాయింటు అంటే ఇంతే: ఇనుప గిన్నెలో ఇనుప గుండు. గుండుకు ఒక కాడ. గిన్నె బండిని పట్టుకుంటుంది, కాడ చక్రాన్ని పట్టుకుంటుంది. చక్రం ఎటు తిరిగినా, గుంటల్లో ఎగిరి పడినా, గుండు గిన్నెలోనే తిరుగుతుంది. దుమ్మూ నీళ్లూ పోకుండా పైన ఒక రబ్బరు తొడుగు. మన భుజం ఎముక తిరిగేది కూడా అలాగే. ఈ మాట నేను పుస్తకంలో చదవలేదు. కదురు తిప్పుతూ ఎతెతె సిందు చెప్పింది. ఆమెకు ఆ సంగతి రెండు చోట్లా ఒకేరోజు తెలిసింది.

*

ఆమె మెన్జ్ కొండల నుంచి షిరో మెదాకు కాపురానికి వచ్చేనాటికి పందొమ్మిదేళ్లు. షిరో మెదా అంటే నేతగాళ్ల పేట, పైన ఎంతోతో కొండ. మగ్గాలకు నూలు ఎంతైనా కావాలి. సిందు వడికిన నూలంటే నేతగాళ్లు ఎదురొచ్చి తీసుకునేవారు. పోగు ఎక్కడా ముడి పడేది కాదు, ఎక్కడా లావయ్యేది కాదు. "చూపుతో వడకకూడదు, వేళ్లతో వడకాలి" అని వాళ్లమ్మ నేర్పిందట.

జెలెకె అప్పటికి ఇంకొకరి టాక్సీ నడిపేవాడు. ఎండలో, వానలో, పదకొండేళ్లు పరాయి బండి. ఇంటికి వచ్చి ఏ రాత్రీ విసుక్కోలేదు గానీ, నిద్రలో కాలు బ్రేకు తొక్కేది. అది చూసి సిందు కొండమీది చర్చిలోని మరియమాతకు, ఎంతోతో మరియంకు, మొక్కుకుంది. "తల్లీ, ఈ మనిషి సొంత బండి నడపాలి. నడిపిన ఏడు, నీ పండగనాడు, ఆ బండిలోనే ఎక్కి వచ్చి నీ ఊరేగింపుకు గొడుగు ఇస్తాను."

ఆ బండిలోనే అన్న మాట ఎందుకన్నావని నేను ఒకసారి అడిగాను.

"గొప్ప కోసమే," అంది. "మా వదినలు నడిచే ఎక్కుతారు కొండ. వాళ్ల పక్కనించి బండిలో పోవాలని. మరియంకు ఆ సంగతి తెలియదనుకున్నాను."

బండి వచ్చింది. ఎవరో వాడి వదిలేసిన లాడా, తలుపు ఒకటి తాడుతో కట్టి ఉండేది. జెలెకె దాన్ని కొండమీద ఆకాశం అంత నీలంగా రంగు వేయించి, కప్పుకు తెల్లరంగు కొట్టించాడు. సిందు రెండేళ్లు నూలు అమ్మి ఎర్ర మఖ్మలు గొడుగు కొంది. అంచున బంగారు కుచ్చులు. మెస్కెరెం నెల ఇరవై ఒకటిన పండగ. వానలు ఆగి, కొండంతా పసుపు పూలు పూసే రోజులు.

అయితే ఆ ఏటి వానాకాలంలో ఒక పొరపాటు జరిగింది. సైనిక ప్రభుత్వం రోజులవి. పెట్రోలుకు కూపన్లు, చక్కెరకు వరస. గ్రీజు అనే మాట వినడమే గానీ చూసినవాడు లేడు. లాడా ముందు కీళ్లలో గ్రీజు ఆరిపోయి, మలుపు తిప్పినప్పుడల్లా ముసలి తలుపు తెరిచినట్టు కిర్రుమనేది. జెలెకె కసాయి దుకాణంలో ఎద్దు కొవ్వు తెచ్చి, కరిగించి, బాల్ జాయింటు కింది మర తీసి అందులో పోశాడు. మిగిలింది రబ్బరు తొడుగుల మీద దట్టంగా పూశాడు. కిర్రు ఆగిపోయింది.

సిదిస్త్ కిలో స్టాండులో తోటి షోఫేర్లు ముక్కు ఎగబీల్చేవారు.

"జెలెకే, ఉపవాసాల్లో మాత్రం నా పక్కన ఆపకయ్యా. నోరూరుతోంది."

"బండి నడుపుతున్నాడా, కూర వండుతున్నాడా?"

జెలెకె పట్టించుకోలేదు. పైగా అతనికి ఇంకో సంతోషం. వాళ్ల కుక్క మెచాల్ అంతకుముందు వంటింటి గడప దగ్గర పడుకునేది. ఆ వానాకాలం మొదలయ్యాక కారు కిందికి మారింది. పొద్దున్నే కారు తీయబోతే బయటికి రానని మొరాయించేది.

"చూశావా, జంతువుకు కూడా తెలిసింది ఇది మన సొంత బండని," అని అందరికీ చెప్పుకునేవాడు. "రాత్రంతా కాపలా కాస్తోంది."

*

పండగనాడు సిందు తెల్లని నెతెలా శాలువా కప్పుకుని ముందుసీట్లో కూర్చుంది. గొడుగు ఒళ్లో పెట్టుకుంది. కొండదారి పొడవునా జనం తెల్లగా, వరసగా నడుస్తున్నారు. వదినలు కనిపించారు. సిందు వాళ్లకేసి చూడనట్టు చూసింది.

రెండో మలుపు దగ్గర ముందర ఎక్కడో టక్కుమంది. మరుక్షణం బండి ఎడమ మూలకు కూలబడింది. పెద్ద వేగం లేదు కాబట్టి పల్టీ కొట్టలేదు. నేలలోకి ముక్కు గుచ్చుకుని ఆగింది. ఎడమ చక్రం విరిగిన కోడికాలులా పక్కకు మడతపడి ఉంది. గుండు గిన్నెలోంచి ఊడి వచ్చేసింది.

సిందు కుడివైపు సీట్లో ఉంది. కుదుపుకు ముందుకు పోయి, గొడుగు నలగకూడదని దాన్ని రెండు చేతులతో పొదువుకుంది. పట్టుకోవడానికి చెయ్యి మిగల్లేదు. ఎడమ భుజం ముందరి బల్లకు కొట్టుకుంది. ఎముక జారింది. గొడుగు కుచ్చు కూడా చెదరలేదు.

వదినలే పరుగెత్తుకొచ్చారు. వాళ్లే ఆమెను మోసుకుని కొండ కిందికి దింపారు. "బండిలో పోయేదానివి మా మీద ఎక్కావు" అని పెద్దొదిన దారంతా అంటూనే ఉందట. అంటూనే కన్నీళ్లు తుడుచుకుందట.

కొండ పాదంలో ఎముకలు కట్టే ముసలాయన గాషే గొబెనా ఉండేవాడు. సిందును గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఆ భుజాన్ని చూడనైనా చూడలేదు. దుప్పటి మడిచి ఆమె మోచెయ్యి కింద ఎత్తుగా పెట్టాడు.

"చెయ్యి దాని మీద వదిలెయ్ తల్లీ. బరువంతా దుప్పటికి ఇచ్చెయ్."

"వదల్లేను గాషే. నొప్పి."

"నువ్వు బిగబట్టినంతసేపూ నీ కీలు నాతో అబద్ధమే చెబుతుంది. బిగుసుకున్న కీలు బాగున్న కీలులాగే ఉంటుంది చేతికి. వదిలితేనే ఎక్కడ ఆడుతోందో తెలుస్తుంది."

ఆమె వదిలింది. అప్పుడాయన రెండు వేళ్లు భుజం మీద పెట్టి, రెండో చేత్తో మోచేతిని కొంచెం కదిపాడు. "ఆఁ, ఇక్కడున్నావా" అన్నాడు, ఆమెతో కాదు, ఎముకతో. ఆ తరువాత జరిగింది ఆమెకు సరిగా గుర్తులేదు. పేటంతా వినపడేలా అరిచానని మాత్రం అంటుంది.

కట్టు కట్టాక ఆయన ఒక మాట చెప్పాడు. "నలభై రోజులు పోయాక రోజూ కదుపు. నొప్పి ఉన్నా లేకపోయినా కదుపు. కదపని కీలు పట్టేస్తుంది. అప్పుడు నేనూ ఏం చెయ్యలేను."

మర్నాడు జెలెకె కారు కిందికి దూరి చూశాడు. చాలాసేపటికి గాని బయటికి రాలేదు. వచ్చి భార్య మంచం పక్కన కూర్చున్నాడు. చేతిలో చిరిగిన రబ్బరు తొడుగు ఉంది. దాని నిండా పంటిగాట్లు.

"మెచాల్," అన్నాడు. "కొవ్వు కోసం రోజూ నమిలేసింది. చిరుగుల్లోంచి వాననీళ్లు పోయాయి. లోపల గిన్నెంతా తుప్పే."

సిందు ఆ తొడుగును తిప్పి తిప్పి చూసింది.

"కుక్కను కొట్టకు."

"కొట్టనులే."

"దానికి రాత్రి భోజనం వడ్డించింది నువ్వు. కాపలా అన్నావు."

"అన్నాను."

"ఇక నేను ఆ బండి ఎక్కను షోఫేరు గారూ."

*

ఆమె అన్నది కోపంలో అన్న మాట అని జెలెకె అనుకున్నాడు. కాదు. గొడుగు గోడమీద మేకుకు వేలాడింది. కట్టు విప్పాక సిందు నూలు మూట కుడిభుజాన వేసుకుని బజారుకు నడిచే వెళ్లేది. ఎవరిదో పాత బండిలోంచి తీసిన కీలు వేయించుకుని, వెనకనించి నీలం లాడా మెల్లగా వచ్చేది. జెలెకె కిటికీలోంచి బతిమాలేవాడు. ఆమె నడక మార్చేది కాదు. స్టాండులో షోఫేర్లకు కొత్త ఆట దొరికింది.

"జెలెకే, మీ ఆవిడను చూశానురా, వానలో నడుస్తోంది. నా బండి ఎక్కమంటే ఎక్కింది."

అది అబద్ధమే. ఆమె ఏ బండీ ఎక్కలేదు. అయినా ఆ రాత్రి జెలెకెకు అన్నం దిగలేదు.

ఇద్దరికీ అసలు బెంగ మాత్రం గొడుగు గురించే. మొక్కు తీరకుండా గోడమీద ఉంది. పాపాలు వినే పూజారి ఇంటికి వచ్చి మెత్తగా చెప్పాడు. "నడిచి వెళ్లి ఇచ్చేయ్ సిందూ. మరియం నడకనే ఎక్కువ మెచ్చుకుంటుంది."

"ఆవిడ మెచ్చుకుంటుంది తండ్రీ. నేనే ఆ బండిలో వస్తానని మాటిచ్చాను. గొప్పకే ఇచ్చాను. గొప్పకిచ్చినా మాట మాటే."

"అయితే ఎక్కు."

"ఎక్కితే ఈసారి మెడ పోతుందేమో. గొడుగు ఎవరు పట్టుకెళ్తారు?"

అలా మాటకూ భయానికీ మధ్య ఆమె ఇరుక్కుంది. రాత్రి పడుకునేముందు గొడుగు మీది దుమ్ము తుడిచేది.

జెలెకె మెర్కాటో బజారులో పాత సామాన్ల వీధికి వెళ్లి కొత్త బాల్ జాయింటు ఒకటి కొన్నాడు. నల్లరంగుతో మెరిసిపోతోంది. ఒక ఆదివారం వాకిట్లో బండిని జాకీ మీద లేపి పని మొదలుపెట్టాడు. పాత కాడ నట్టు వదులు చేశాడు గానీ పూర్తిగా తీయలేదు. కాడ గూటంలా బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని లాగితే రాదు. అది దూరి ఉన్న ఇనుప చెవి మీద పక్కనించి సుత్తితో కొట్టాలి. ఒకటి, రెండు, ఏడు దెబ్బలు. ఎనిమిదోదానికి చెవి ఉలిక్కిపడి కాడను వదిలేసింది. మూడు బోల్టులు తీసి, పాతదాని స్థానంలో కొత్తది బిగించాడు. చక్రం ఎక్కించి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. కదల్లేదు.

"సిందూ, వచ్చి చూడు. రాయి."

సిందు పీట పట్టుకుని వచ్చింది. చక్రం పక్కన కూర్చుంది.

"నువ్వేం చేస్తున్నావు?"

"నేనూ చూస్తాను."

"ఇదేమన్నా పత్తా? నీకేం తెలుసు ఇందులో?"

"భుజం ఊడింది నాకు. నీకు ఊడలేదు."

ఆమె చెయ్యి లోపలికి పోనిచ్చి రెండు వేళ్లు కీలు మీద పెట్టింది. ఊపమంది. ఊపాడు. ఏమీ తెలియలేదు. నిజంగానే రాయి. జెలెకె ముఖం వెలిగింది. సిందు మాత్రం లేవలేదు. కళ్లు తెరిచి కారు కింద చూస్తోంది.

"జాకీ ఎక్కడ పెట్టావు?"

"బండి కడుపు కింద."

"అంటే ఈ ఇనుప చెయ్యి గాల్లో వేలాడుతోంది. దీని మీద ఈ లావు స్ప్రింగు కూర్చుని కిందికి తొక్కుతోంది."

"స్ప్రింగు పని అదే."

"అది కీలును బిగబట్టి ఉంచింది. బిగబట్టిన కీలు అబద్ధం చెబుతుంది. మోచేతి కింద ఎత్తు పెట్టు."

జెలెకె అయోమయంగా చూశాడు. "ఏ మోచెయ్యి?"

సిందు లేచి లోపలికి వెళ్లి కాఫీ రోలు తెచ్చింది. బోర్లించి ఇనుప చెయ్యి కింద పెట్టింది. "ఇప్పుడు జాకీ దించు. బరువు రోలుకు ఇచ్చెయ్."

జాకీ దించాడు. స్ప్రింగు నొక్కుకుంది. కీలు మీదినించి దాని తొక్కుడు పోయింది. సిందు మళ్లీ వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది. "ఊఁ."

అతను ఊపాడు.

"ఆపు. మళ్లీ. ఆపు." ఆమె చెయ్యి బయటికి తీసింది. "ఇందులో ఆట ఉంది. కంటికి కనపడదు. నూలులో ముడి అంత."

"కొత్తది సిందూ. నిన్న కొన్నాను."

"నా వేళ్లకు కొత్తా పాతా తెలియదు. ఆడుతోందనే తెలుసు."

జెలెకె ఆమె చెయ్యి పెట్టిన చోట తన వేళ్లు పెట్టాడు. ఆమె కుడిచేత్తో చక్రం కుదిపింది. చాలాసేపు అతనికి ఏమీ తెలియలేదు. తరువాత అతని ముఖం మారింది.

*

మర్నాడు ఇద్దరూ ఆ బాల్ జాయింటు గుడ్డలో చుట్టుకుని మెర్కాటోకు వెళ్లారు. ఆమె నడిచింది, కాబట్టి అతనూ నడిచాడు. అమ్మినాయన చెవి వెనక పెన్సిలు పెట్టుకుని కొట్టు ముందు నిలబడి ఉన్నాడు.

"ఎతెతె, ఇది చూడండి, కాడ తిప్పండి, తిరుగుతోందా? నా అల్లుడికంటే మొండిగా ఉంది. దీనికేం తక్కువ?"

"గట్టి జిడ్డు కూరితే ఏదైనా మొండిగానే ఉంటుంది తమ్ముడూ. అసలైనది ఒకటి చూపించు."

"అసలైనదే ఇది."

"అయితే రెండో అసలైనది చూపించు. పోలిక చూసుకుని వెళ్లిపోతాను."

చుట్టూ నలుగురు చేరారు. అతను లోపలికి వెళ్లి గోధుమరంగు మైనపు కాగితంలో చుట్టి ఉన్నది తెచ్చాడు. సిందు రెండింటి కింది మరలూ భర్త చేత తీయించింది. కొప్పులోంచి కదురు పుల్ల తీసింది. అసలైనదాని రంధ్రంలోకి పుల్ల దించి, అది గుండుకు తగిలాక రంధ్రం అంచు దగ్గర పుల్లకు ఎర్రదారం కట్టింది. తరువాత నల్లగా మెరిసేదాని రంధ్రంలోకి దించింది. దారం లోపలికి పోయింది, బార్లీ గింజంత.

గుండు గిన్నె అడుగునుంచి అంత పైకి లేచి ఉందంటే, ఆ గిన్నె అరిగిపోయిందన్నమాట. ఎవరో అరిగినదాన్ని కోసి, లోపల ఏదో కూరి, అంటించి, రంగు వేశారు.

అమ్మినాయన పెన్సిలు చెవిలోంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నేనూ ఇంకొకడి దగ్గర కొన్నదే ఎతెతె."

"అయి ఉంటుంది. నీ దగ్గర కదురు లేదు కదా." ఆమె గొంతులో ఎగతాళి లేదట. "ఇలాంటిదే కుడివైపుకు కూడా ఇంకొకటి ఇవ్వు, మైనపు కాగితంలోది. ఈ నల్లది నాకే ఉండనీ."

ఆ నల్లది ఇప్పటికీ ఉంది. ఇంజెరా రొట్టెల బుట్ట మూత గాలికి ఎగరకుండా దాని మీద బరువుగా పెడుతుంది.

రెండువైపులా మంచివి బిగించాక రోలు మీద ఎక్కించి చూశారు. ఆమె వేళ్లకు ఏమీ తెలియలేదు. జెలెకె తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. సిందు తలుపు వేసేసింది.

"ఒక వానాకాలం పోనీ."

ఆ వానాకాలమంతా, ప్రమాదం జరిగిన తొమ్మిది నెలలకు వచ్చిన వానాకాలం సంగతి నేను చెబుతున్నది, ప్రతి శనివారం రోలు బయటికి వచ్చింది. అప్పటికి గ్రీజు దొరికింది. మెచాల్ తిరిగి వంటింటి గడప దగ్గరికి మారిపోయింది. ప్రతి శనివారం ఆమె "ఏమీ లేదు" అనేది. ప్రతి శనివారం అతను తలుపు తెరిచేవాడు కాదు గానీ, తలుపు పక్కనే నిలబడేవాడు.

మెస్కెరెం ఇరవై ఒకటి వచ్చింది. ఆ పొద్దున సిందు కాఫీ కాయకముందే పీట పట్టుకుని వెళ్లింది. ఎడమ చక్రం చూసింది, కుడి చక్రం చూసింది, మళ్లీ ఎడమ చక్రం చూసింది. చేతులు కడుక్కుని, గోడమీది గొడుగు తీసుకుని, వచ్చి ముందుసీట్లో కూర్చుంది. గొడుగును ఈసారి వెనకసీట్లో పెట్టింది. ముందరి బల్లను రెండు చేతులతో పట్టుకుంది.

జెలెకె నడిచే మనిషికంటే మెల్లగా నడిపాడు. వదినలు బండిని దాటిపోయారు. "మరియంకు చెబుతాంలే, వెనక వస్తున్నావని" అంది పెద్దొదిన. రెండో మలుపు దగ్గర జెలెకె బండి ఆపేశాడు.

"ఎందుకు ఆపావు?"

"దిగుతావేమోనని."

సిందు తల బయటపెట్టి ఎడమ చక్రంకేసి చూడబోయింది. అటువైపు కనపడదు. చినుకులు మొదలయ్యాయి. కాసేపు అద్దం మీద చినుకులు చూస్తూ కూర్చుంది.

"నడుపు," అంది. "మా వదినల జుట్టు తడుస్తోంది. వెనక చోటు ఉంది కదా."

ముగ్గురు వదినలూ గొడుగు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నారు. కొండ ఎక్కిన లాడా, గొడుగు మరియంకు అప్పగించి, మళ్లీ కొండ దిగింది. గొడుగు చాలా ఏళ్లు పండగ ఊరేగింపులో కనిపించేదట. ఎండకు రంగు వెలిసిపోయినా, ఎర్రగా ఉన్నదాన్ని చూసినప్పుడల్లా తనదేననుకునేదట సిందు.

*

స్టాండులో ఈ సంగతి పాకడానికి వారం పట్టింది. మొదట ఎగతాళి చేసినవాడే మొదట వచ్చాడు. "ఎతెతె, ఊరికే, ఒకసారి వేలు పెట్టి చూడు" అన్నాడు, ఎటో చూస్తూ. అతని కుడి కీలులో ఆట ఉంది. తరువాత ఇంకొకడు. క్రమంగా శనివారాలు షిరో మెదా సందులో నీలం లాడాలు వరస కట్టేవి. ఒక్కొక్కటీ రోలు మీదికి ఎక్కేది. సిందు కళ్లు మూసుకునేది. "ఏమీ లేదు." "వచ్చే నెల." "ఇప్పుడే, ఇంటికి కూడా దీన్లో పోకు." ఆమె చెప్పేవి ఈ మూడు మాటలే. ఇప్పుడే అన్నవాటిని అక్కడికక్కడే జెలెకె మార్చేవాడు. సుత్తి దెబ్బలు లెక్కపెడుతూ సందులో పిల్లలు అరిచేవారు. వచ్చినవాళ్లు గుప్పెడు కాఫీ గింజలు తెచ్చేవారు. మూడు వాయిల కాఫీ అయ్యేదాకా ఎవరూ కదిలేవారు కాదు. ఆ కాఫీ దంచడానికి కొత్త రోలు కొనవలసి వచ్చింది.

ఆ మాటలన్నీ ఇప్పుడు ఆమె చెబితే నేను వింటున్నాను. సందు అదే. నేతమగ్గాల చప్పుడు కొంచెం తగ్గింది. లాడాలు ఒకటొకటిగా పోయాయి. కొన్నిటిని తుక్కుకు ఇచ్చారు, కొన్నిటికి విడిభాగాలు దొరకలేదు. రెండేళ్ల కిందట ఎవరో యువకుడు కొత్త బండి తెచ్చాడు. సిందు వేళ్లు పెట్టి "ఆట ఉంది" అంది. అతను గ్యారేజీకి తీసుకెళ్తే, కీలూ ఇనుప చెయ్యీ ఒకటే ముక్క, మొత్తం తీసి పారేసి కొత్తది వేయాలన్నారట. అతను ఆ మాట వచ్చి చెప్పాడు. ఎతెతె సిందు కదురు ఆపేసింది.

"అంటే భుజం పోతే చెయ్యి కూడా తీసేస్తారా?" అంది.

శనివారాలు ఇప్పుడు ఎవరూ రారు. జెలెకె కళ్లకు పొరలు వచ్చాక వాళ్ల లాడా కూడా ఆగిపోయింది. కొనడానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఆలుమగలు ఇవ్వలేదు. పూర్వం శనివారాలు మాత్రమే చేసే పని అప్పటినించి రోజూ చేస్తున్నారు. నడవని బండికి ఈ పరీక్ష ఎందుకని నేను అడిగాను.

"గాషే గొబెనా ఏమన్నాడు?" అంది ఆమె. "కదపని కీలు పట్టేస్తుందన్నాడా లేదా?"

"ఆమె మాట వినకు," అన్నాడు జెలెకె పక్కనించి. "చక్రం ఊపకపోతే నాకు కాఫీ ఇవ్వదు. అదీ సంగతి."

ఎతెతె సిందుకు ఇప్పుడు డెబ్భై ఒక్కేళ్లు. నీలం లాడా వాకిలి దాటి ఆరేళ్లయింది. ఎంతోతో మరియం పండగకు ఇప్పుడు బస్సులో వెళుతుంది. రెండేళ్లుగా ఆమె ఎడమ చెయ్యి భుజం కంటే పైకి లేవడం లేదు. తలగుడ్డ రోజూ జెలెకె కడతాడు.